సముద్రం ఐదో నంబరు

గోగులపాడు లాకుల దగ్గర బుర్రున్న ఇల్లు ఏదని మీరు ఎవర్నీ అడగక్కర్లేదు. అటువైపు వెళ్తే చాలు, ఆ ఇంటివాళ్ళే ఎదురొచ్చి చెప్పేస్తారు. "మాదేనండీ," అంటారు. ముగ్గురూ ఒకేసారి అంటారు. ముగ్గురిలో ఎవరి బుర్ర ఎక్కువన్న దాని మీద మాత్రం వాళ్ళలో వాళ్ళకి చిన్న తగువుంది. వాళ్ళ పక్కింట్లో ముప్ఫై ఏళ్ళుగా కాపరం ఉంటున్నాను కాబట్టి నేను మాత్రం ఆ తగువులోకి దిగను.

ఇంటి పెద్ద గంగాచలం. కాలవ లాకుల మీద లస్కరు ఉద్యోగం. పైనుంచి ఆర్డరు వస్తే తలుపులు ఎత్తాలి, ఆర్డరు వస్తే దించాలి, రోజూ పొద్దున్నే నీటిమట్టం చూసి రిజిస్టర్లో రాయాలి. రిజిస్టర్లో లేని పని చెయ్యడు, ఉన్న పని మానడు. ఓసారి వాన కురుస్తుంటే, పైనుంచి పడే నీళ్ళు కలిస్తే మట్టం తప్పు చూపిస్తుందని కాలవ మీద గొడుగు పట్టుకుని రెండు గంటలు నిలబడ్డాడు. తను మాత్రం తడిసి ముద్దయిపోయాడు.

"చూశారా మా అన్నయ్య బుర్ర!" అని ఊరంతా చాటి వచ్చినవాడు తమ్ముడు తాతబ్బాయి. ఇతనికి యాభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదంటే, పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు "అబ్బాయ్, పిల్లని చూసుకో," అన్నారట. చూసుకున్నాడు, లేచి ఇంటికొచ్చేశాడు. "చూసుకోమన్నారు, చూశాను. చేసుకోమని ఒక్కళ్ళూ అన్లేదండీ," అంటాడు ఇప్పటికీ.

మూడో మనిషి గంగాచలం భార్య వరహాలమ్మ. పెళ్ళైన కొత్తలో గంగాచలం ఆవిడతో "నీకు సముద్రం చూపిస్తానే," అన్నాడు. సముద్రం ఏమంత దూరం కాదు, బస్సులో రెండు గంటలు. కానీ లాకులకి సెలవుల్లేవు. నలభై ఏళ్ళు గడిచిపోయాయి. ఆవిడ రోజూ పొద్దున లాకుల దగ్గరికొచ్చి తల్లోంచి ఒక మందారప్పువ్వు తీసి నీళ్ళలో వదిలేది. "నేను చూడకపోతే మానె, ఇదైనా చూస్తుంది," అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ పువ్వు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడేది. చూసినప్పుడల్లా నాకు జాలేసేది.

జనవరి నెలాఖరుకి గంగాచలం రిటైరయ్యాడు. లాకుల దగ్గరే చిన్న సభ పెట్టారు. ఇంజినీరమ్మ గారు శాలువా కప్పి నాలుగు మాటలు చెప్పింది.

"గంగాచలం గారూ, ఇన్నాళ్ళూ గవర్నమెంటు చెప్పింది చేశారు. ఇక మీ సరదాలు తీర్చుకోండి. ఇంట్లో అందరూ కూర్చుని, ఎవరికేం చెయ్యాలనుందో ఒక పుస్తకంలో రాసుకోండి. ఒక్కొక్కటే చేసుకుంటూ టిక్కు పెట్టుకుంటూ రండి. ఏదీ వదలొద్దు."

అంతే. ఆవిడ మంచిమాట చెప్పాననుకుంది. గంగాచలం ఆర్డరు వచ్చిందనుకున్నాడు.

ఆ సాయంత్రమే వసారాలో ముగ్గురూ కూర్చున్నారు. నేనూ గోడ ఇవతల కుర్చీ వేసుకున్నాను. తాతబ్బాయి కొత్త పుస్తకం తెరిచి కలం విదిలించాడు.

"చెప్పన్నయ్యా. నువ్వేమంటే అది రాస్తాను. ఒక్క ముక్క పోనివ్వను."

"ఉండరా కాసేపు," అన్నాడు గంగాచలం, గడ్డం గోక్కుంటూ.

తాతబ్బాయి రాసేశాడు. ఒకటి: కాసేపు ఉండాలి.

ఇంతలో గంగాచలం నుదుటి మీద ఓ దోమ వాలింది. "ఒరేయ్, ముందు ఆ దోమని కొట్టరా!" అని అరిచాడు.

రెండు: ఆ దోమని కొట్టాలి.

"మరి కొట్టవేంరా?"

"రాశానన్నయ్యా. దాని నంబరు వచ్చినప్పుడు కొడదాం."

"అదీ పద్ధతంటే," అని మెచ్చుకున్నాడు అన్న. దోమ తాగాల్సింది తాగి వెళ్ళిపోయింది.

మూడోది తాతబ్బాయి తన సొంతం రాసుకున్నాడు: సైకిలు నేర్చుకోవాలి. నాలుగోది గంగాచలానిది: ఒక్కరోజైనా ఇంజినీరులా కుర్చీలో కూర్చుని ఆర్డర్లు వెయ్యాలి. ఇద్దరూ వరహాలమ్మ వైపు తిరిగారు.

"సముద్రం చూడాలి," అంది ఆవిడ మెల్లిగా. "మనం ముగ్గురం ఒక్కసారే చూడాలి. ఒకళ్ళు ముందూ ఒకళ్ళు వెనకా కాకుండా." కాసేపాగి, "ఏవండీ, ఇదొక్కటీ ముందు చేసేసుకుందామా?" అని కూడా అడిగింది.

"ఐదో తలుపు ముందెత్తితే ఏమవుద్దే? ఊళ్ళు మునుగుతాయి," అన్నాడు గంగాచలం. ఆ మాటకి ఆవిడ కూడా నిజమేననుకుని తలూపింది. అలా సముద్రం ఐదో నంబరైంది.

మర్నాడు పొద్దున్నే ఒకటో నంబరు మొదలుపెట్టారు. ముగ్గురూ వసారాలో ఉన్నారు. ఊరికే ఉన్నారు. మధ్యాహ్నమైనా ఉన్నారు, మర్నాడూ ఉన్నారు. కాసేపంటే ఎంతసేపో పుస్తకంలో లేదాయె. మూడో రోజు నేను ఉండబట్టలేక, "ఇంకా ఎంతసేపండీ?" అని గోడ మీంచి అడిగాను.

"కాసేపేనండీ," అన్నాడు గంగాచలం.

"కాసేపైతే ఎప్పుడో అయిపోయుంటుంది లెండి."

ముగ్గురూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. "మన పక్కింటాయనక్కూడా బుర్ర వస్తోందే!" అంది వరహాలమ్మ. టిక్కు పెట్టారు.

ఇక రెండోది. దోమని కొట్టాలి. మా ఊళ్ళో దోమలకేం కరువు? కానీ పుస్తకంలో ఉన్నది దోమ కాదు, ఆ దోమ. ఇంకేముంది, వెతుకులాట మొదలైంది. తాతబ్బాయి ఒకదాన్ని పట్టుకొస్తాడు. గంగాచలం కళ్ళజోడు పెట్టుకుని పరీక్షగా చూస్తాడు. "ఇది కాదురా. దాని కాళ్ళు ఇంత పొడుగు లేవు," అంటాడు. వదిలేస్తారు. ఏ పాపం ఎరగని దోమని కొట్టకూడదు కదా. ఇలా ఫిబ్రవరి నెలంతా గడిచింది. వదిలిన దోమలు కుట్టి కుట్టి ముగ్గురి ముఖాలూ దద్దుర్లు తేలాయి.

"ఈపాటికి అది ముసలిదై పోయుంటుందేమోనండీ," అంది వరహాలమ్మ ఆశగా. సముద్రం ఇంకా మూడు నంబర్ల అవతల ఉంది మరి.

"మనం కొట్టాలని ఉంది వదినా, దానంతటది పోవాలని లేదు," అన్నాడు తాతబ్బాయి.

చివరికొక రోజు ఒక దోమ సరిగ్గా గంగాచలం నుదుటి మీద, మొదటి రోజు వాలిన చోటే వాలింది. "అదే అన్నయ్యా! దారి గుర్తుపెట్టుకుని వచ్చింది!" అని తాతబ్బాయి కాలి చెప్పు తీసి ఒక్కటి ఇచ్చాడు. దోమ ఎగిరిపోయింది. గంగాచలం మాత్రం పడిపోయాడు. నుదురు జామకాయంత వాచింది. "కొట్టాలని రాశాం, కొట్టాం. చావాలని రాయలేదుగా," అని పడుకునే టిక్కు పెట్టించాడు.

మూడోది సైకిలు. అద్దె సైకిళ్ళ వీరాస్వామి దగ్గరికి వెళ్ళి, ఎలా నేర్చుకోవాలని అడిగాడు తాతబ్బాయి. అతను పంక్చరు అతికిస్తూ తలెత్తకుండా, "ఏవుందండీ, ఓ పదిసార్లు పడితే వచ్చేస్తుంది," అన్నాడు.

అంతే. తాతబ్బాయి సైకిలు తీసుకోకుండానే ఇంటికొచ్చేశాడు. అరుగు మీంచి ఒకసారి పడ్డాడు. మా గోడ మీంచి రెండుసార్లు, గడ్డిమేటు మీంచి మూడుసార్లు పడ్డాడు. అన్న పక్కన నిలబడి లెక్క రాశాడు. "ఏడోది సరిగ్గా పడలేదురా, చేతులాన్చావు. మళ్ళీ పడు," అనేవాడు. వరహాలమ్మ ఓ చేత్తో పసుపు పట్టిస్తూ, ఇంకో చేత్తో మళ్ళీ తోస్తూ సాయం చేసింది. పది పూర్తయ్యాయి.

అప్పుడు వెళ్ళి సైకిలు అద్దెకి తెచ్చాడు. "ఇక పడేది లేదన్నయ్యా, కోటా అయిపోయింది," అని ధీమాగా ఎక్కాడు. కాలవ గట్టు వాలు మీద సైకిలు బాణంలా పోయింది. మనిషి ధీమాగా కూర్చునే ఉన్నాడు, బ్రేకు జోలికి పోలేదు. మా కళ్ళముందే సైకిలుతో సహా కాలవలో మునిగాడు. నలుగురం దూకి పైకి లాగాం. నీళ్ళు కక్కుతూ అతనన్న మొదటి మాట, "చూశారా, పడలేదు. నీళ్ళలోకి వెళ్ళానంతే." మూడో టిక్కు.

"ఇంకెంతండీ, ఒక్కటే!" అంది వరహాలమ్మ. ఆ రోజు ఆవిడ రెండు పువ్వులు వదిలింది కాలవలో.

ఏప్రిల్లో నాలుగో నంబరు. గంగాచలం ఉతికిన చొక్కా వేసుకుని వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా తమ్ముడూ భార్యా చేతులు కట్టుకుని నిలబడ్డారు. గొంతు సవరించుకుని మొదటి ఆర్డరు వేశాడు.

"నేను చెప్పేదాకా ఎవరూ ఏ పనీ ముట్టుకోకూడదు."

"చిత్తం," అన్నారు ఇద్దరూ.

రెండో ఆర్డరు ఏమి వెయ్యాలా అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఆయన కునుకు తీశాడు. ఇంకేముంది! పెరట్లో వంటపాకలో పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఉడికింది, మాడింది, పొగ లేచింది. పొయ్యిలో కట్టె జారి కింది కట్టెల మోపుకి అంటుకుంది. అక్కణ్ణించి తాటాకులకి పాకింది.

నేను పరుగెత్తుకొచ్చి, "వరహాలమ్మ గారూ! పాక అంటుకుంది, నీళ్ళు పొయ్యండి!" అని కేకలేశాను.

"ఆర్డరు రాలేదండీ," అంది ఆవిడ, కళ్ళనీళ్ళు పెట్టుకుని, చేతులు కట్టుకునే.

"మరి ఆయన్ని లేపండి!"

"లేపడం కూడా పనేనండీ," అన్నాడు తాతబ్బాయి.

వీధి వీధంతా బిందెలతో వచ్చి మంటలార్పాం. పాక పోయింది. అరుపులకి లేచిన గంగాచలం బూడిద చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, తమ్ముడి భుజం తట్టాడు. "నా ఆర్డరు మీద నిలబడ్డారు. నా సర్వీసులో ఇలాంటి స్టాఫు దొరకలేదు," అన్నాడు. నాకు వాళ్ళని కొట్టాలనిపించింది. కానీ వరహాలమ్మ అప్పటికే బీరువాలోంచి కొత్త చీర తీస్తోంది. ఇంక ఏమంటాను?

పొయ్యి వసారాలోకి మారింది. సముద్రం వంతు వచ్చింది. అప్పటికి మే నెల. ఎండాకాలం మరమ్మతులకని కాలవలు కట్టేశారు. పువ్వు వదలడానికి నీళ్ళు లేవు గనక, వరహాలమ్మ మందారాన్ని తల్లోనే పెట్టుకుని బస్సెక్కింది. పుస్తకం ఇంట్లోనే ఉంచారు. రిజిస్టరు ఎప్పుడూ లాకులు దాటకూడదని గంగాచలం పట్టుదల. తర్వాత జరిగింది వాళ్ళు గర్వంగా చెప్పగా విన్నదే.

బస్సు నరసాపురం దాటి సరుగుడు తోటల్లోకి వచ్చేసరికి తాతబ్బాయికి బెంగ పట్టుకుంది. "అన్నయ్యా, కిటికీ దగ్గర వదిన కూర్చుంది. మనకన్నా ముందు తను చూసేస్తేనో? ఒక్కసారే చూడాలని కదా రాసింది!"

ముగ్గురికీ చెమటలు పట్టాయి. అంతే, తువ్వాళ్ళు తీసి ముగ్గురూ కళ్ళకి గట్టిగా కట్టేసుకున్నారు. కండక్టరు, కళ్ళ ఆపరేషను చేయించుకున్నారు కాబోలని, చెయ్యి పట్టుకుని దింపాడు. "తిన్నగా వెళ్ళండి, ఎదురుగానే సముద్రం," అన్నాడు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఇసుకలో నడిచారు. కాళ్ళకి తడి తగిలేదాకా వెళ్ళారు.

"ముళ్ళు గట్టిగా ఉన్నాయా?" అని ముందున్న గంగాచలం వెనక్కి తిరిగి తమ్ముడి ముడి తడిమాడు. తాతబ్బాయి వెనక్కి తిరిగి వదిన ముడి తడిమాడు. వరహాలమ్మ కూడా ఎవరిదో తడుముదామని వెనక్కి తిరిగింది, ఎవరూ లేరు. "ఇటు రండి," అంటూ ఆవిడ అలా తిరిగే ఉంది. గొంతు వినబడిన వైపు ఇద్దరూ వచ్చి ఆవిడ పక్కన వరసగా నిలబడ్డారు.

"ఒకటి, రెండు, మూడు!"

విప్పారు. చూశారు. ఎదురుగా ఇసుక. ఆ పైన సరుగుడు చెట్లు. మామిడికాయ ముక్కల బండి ఒకటి. బండి కింద కుక్క పడుకునుంది.

"నీళ్ళుంటాయన్నారు కదండీ," అంది వరహాలమ్మ.

గంగాచలం జాలిగా నవ్వాడు. "పిచ్చిదానా, కాలవలు కట్టేసి ఇరవై రోజులైంది. ఇక్కడికి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయే?"

నిజమే కదా! ముగ్గురూ ఒప్పేసుకున్నారు. కానీ వరహాలమ్మ అక్కడి నుంచి కదల్లేదు. "ఏవండీ, వెనకాల ఏదో హోరుగా ఉంది. నా కాళ్ళు కూడా తడుస్తున్నాయి. ఒక్కసారి తిరిగి చూడనా?"

"వెనక్కి తిరిగి చూడాలని పుస్తకంలో రాశామా?"

"లేదు."

"రాయని పని చేస్తామా?"

"చెయ్యం," అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుంది.

బండి దగ్గరి ఆడమనిషి చూసి చూసి, "అయ్యో, అటు కాదమ్మా! ఇటు తిరగండి, ఇటు!" అని అరిచింది.

"మాకు ఆర్డరు లేదమ్మా," అని గంగాచలం మర్యాదగా చెప్పాడు. "ఇంటికెళ్ళి రాసుకుని మళ్ళీ వస్తాం." బస్సు ఎదురుగానే ఉంది. వెనక్కి తిరగాల్సిన అవసరం కూడా రాలేదు.

రెండు గంటల ప్రయాణం చేసి, పొద్దు వాలకముందే ఇల్లు చేరారు. నేను గోడ దగ్గరే ఉన్నాను. వరహాలమ్మ చీర అంచు ఇంకా తడిగానే ఉంది, ఇసుక అంటుకునుంది. వసారాలో పొయ్యి వెలిగించి, అలసిపోయారని పెద్ద గిన్నెతో పాలు పెట్టి, వచ్చి వాళ్ళ మధ్య కూర్చుంది. పొయ్యి ఆవిడ వీపు వెనకుంది. తాతబ్బాయి పుస్తకం తెరిచాడు.

"చెప్పు వదినా. ఒక్క ముక్క పోనివ్వను."

"వెనక్కి తిరిగి చూడాలి," అంది వరహాలమ్మ.

ఆరు: వెనక్కి తిరిగి చూడాలి.

సిరా ఆరనే లేదు. వెనకాల బుస్సుమని హోరు. ఈసారి పుస్తకంలో ఉంది కాబట్టి ముగ్గురూ ఒక్కసారే, ఒకళ్ళు ముందూ ఒకళ్ళు వెనకా కాకుండా, వెనక్కి తిరిగి చూశారు.

తెల్లటి నురగ. పొంగు మీద పొంగు. గిన్నె అంచు దాటి, పొయ్యి దాటి, నేల మీద వాళ్ళ కాళ్ళ దాకా వచ్చేస్తోంది.

"అన్నయ్యా!" అని కేక పెట్టాడు తాతబ్బాయి. "లాకులెత్తేశారు!"

వరహాలమ్మ రెండు చేతులూ చెంపలకి ఆన్చుకుని చూస్తూ ఉండిపోయింది. తర్వాత తల్లోంచి మందారం తీసి, వంగి, ఆ తెల్లటి నురగలో మెల్లిగా వదిలింది.

గోడ ఇవతల నుంచి "అవి పాలండీ!" అని అరవడానికి నేను నోరు తెరిచాను. ఆవిడ ముఖం చూసి మూసేసుకున్నాను.

గంగాచలం మాత్రం తొందరపడే మనిషి కాదు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని పరీక్షగా చప్పరించాడు.

"సముద్రం ఉప్పగా ఉంటుందంటారే. తియ్యగా ఉందేంటే?"

"ఉండదూ మరి?" అంది వరహాలమ్మ. "మన లాకుల నీళ్ళు కదండీ!"

తాతబ్బాయి టిక్కు పెట్టాడు.