రాకుమారి కాలిలో బుల్లి కావలివాడు

అనగనగా ఒక ఊరు, ఆ ఊరికో రాజు, ఆ రాజుకి వెన్నెల ముక్కలాంటి కూతురు, హేమలేఖ. ఊ కొడుతున్నారా? ఆ పిల్ల కాలిలో నెత్తురుదారి పూడుకుపోయింది. వైద్యుడు కొత్త గొట్టం వేసి కుట్టేశాడు. లోపల నెత్తురు పారుతోందో లేదో పైకి తెలిసేదెలా? ఆగితే కాలు పోతుంది. రాజుకి అన్నం సయించలేదు.

ఆ ఊళ్ళోనే కంసాలింటి కోడలు తాయారు. ముక్కుపుడకలో చుక్కని బిగించగల చేతులమ్మా ఆవిడవి! బియ్యపుగింజంత కావలివాణ్ణి చేసింది. వాడు గొట్టం పక్కన కూర్చుని ‘కూ’ అంటాడు. కూత నెత్తురుకి తగిలి తిరిగొస్తుంది. నెత్తురు పరిగెడుతుంటే కూత మారుతుంది, ఎదురొచ్చే రైలు కూత మారినట్టు. రాజుల కాలంలో రైలేంటని అడక్కురా సూరిగా, కథ చెడుతుంది.

ఆ కోటలో ఒక ఆచారం. కావలివాడు అరుస్తూనే ఉండాలి, నోరు మూస్తే కొలువు ఊడినట్టే. వీడూ ఆపకుండా కూయాల్సిందేనన్నాడు రాజు. ఇంకేం, అరుపుకి ఆకలి, ఆకలికి చద్దిమూట, మూటకి బరువు, బరువుకి వాపు, అరిచి అరిచి వేడి, వేడికి మంట, మంటకి ఏడుపు! పిల్ల ఒకటే ఏడుపు. వైద్యుడు వాణ్ణి బయటికి తీసేశాడు.

జ్వరమొచ్చిన బిడ్డ పక్కన తల్లి రాత్రంతా కేకలేస్తుందా మహారాజా అని అడిగింది తాయారు. కునుకు తీస్తుంది, చెయ్యేసి చూస్తుంది, మళ్ళీ కునుకు తీస్తుంది. ఈసారి నిద్రపోతు కావలివాణ్ణి చేసింది. చద్దిమూటే లేదు. రాగితీగ చుట్టి రవ్వ పొదిగిన చేతిగాజు కాలికి ఆనిస్తే, చర్మం ఇవతలినుంచే వాడికో ముద్ద అందుతుంది. తింటాడు, ఒక్క కూత కూస్తాడు, వింటాడు, పడుకుంటాడు. నెత్తురు బాగా పారితే గాజు మీద రవ్వ ధగధగ, తగ్గితే మసక.

వైద్యుడు వాణ్ణి లోపల పెట్టాడు. కూతా లేదు, కేకా లేదు. రాజుకి గాభరా. “వీడు చచ్చినట్టున్నాడు, తీసి పారెయ్యండి!” అన్నాడు.

“ఒక్కసారి గాజు పెట్టి చూడండి. ఆ తర్వాత నన్నే పారేద్దురు గాని” అంది తాయారు.

పెట్టారు. రవ్వ వెలిగింది, కానీ మసగ్గా! పిల్లేమో నొప్పీ గిప్పీ లేకుండా గవ్వలాడుకుంటోంది. లోపల మాత్రం దారి మళ్ళీ పూడుకుంటోంది. వైద్యుడు పరుగున వచ్చి గడ్డ కరిగే మందిచ్చాడు. మళ్ళీ గాజు పెట్టారు. రవ్వ తూరుపు తెల్లవారినట్టు మెల్లమెల్లగా విచ్చుకుంది.

మరి పిల్ల? మంచం దిగి, తాయారు చెయ్యి పట్టుకుని కోట మెట్లన్నీ ఎక్కి దిగిందట. రాజు కింద నిలబడి ఒక్కో మెట్టూ లెక్కపెట్టాడట.

కనిపెట్టుకుని ఉండటానికి అరుపెందుకు నాన్నా? అడిగినప్పుడు నిజం చెబితే చాలు. ఇక కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.