రాజు లేని జెండా

యుద్ధం ముగిశాక కేతన మరుళయ్యగారి కొండమీది మఠంలో శిష్యుడిగా చేరాడు. అన్నీ వదిలేసి వచ్చానన్నాడు గానీ ఒక మూట మాత్రం తలకింద పెట్టుకుని పడుకునేవాడు.

అందులో రాజుగారి సొంత జెండా ఉంది. నల్లటి పట్టు మీద జరీ గద్ద. రాజు ఉన్నచోటే అది ఎగరాలి, ఆయన లేనిచోట ఎగరకూడదు. దాన్ని పట్టుకుని ఆయన పక్కన నిలబడటమే కేతన కొలువు.

ఒకనాడు మూట విప్పి గురువు ముందు పెట్టాడు.

"దీన్నొక్కదాన్నీ వదల్లేకపోతున్నాను స్వామీ. ఏటి ఒడ్డున మావాళ్లంతా పడిపోయినా ఇది నేల తాకలేదు."

"అప్పుడు రాజు నీ పక్కనే ఉన్నాడా?"

"లేరు. అంతకు ముందే ఏరు దాటి వెళ్లిపోయారు. జెండా మాత్రం దించవద్దన్నారు. అది కనబడుతున్నంతసేపూ ఆయన ఉన్నారనుకుని మనవాళ్లు నిలబడతారని." కేతన కాస్త తలెత్తాడు. "ఒక్కడూ వెనక్కి తగ్గలేదు స్వామీ."

మరుళయ్య లేచి వెళ్లి ఒక వెదురుగడ తెచ్చాడు.

"మఠం మీద కట్టు."

"ఇక్కడ రాజుగారు లేరు కదా స్వామీ."

"అక్కడా లేడు కదా. కట్టు."

కేతన కట్టాడు.

మర్నాడు ముసురు పట్టింది. పొద్దెక్కేసరికి కింది పల్లెల ఆడవాళ్లు కొండెక్కి వచ్చారు. మరుళయ్య వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, వేడి అంబలి పోయించాడు. ఎవరూ తాగలేదు. తడిసిన కొంగులు పట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నారు.

వాళ్లలో ఒక ముసలామె కేతనను పిలిచింది.

"జెండా చూసి వచ్చామయ్యా. రాజుగారు లోపలున్నారా?"

కేతన పైన తడుస్తున్న జెండా వైపు చూశాడు.

"మావాడు ఏటి ఒడ్డు నుంచి తిరిగి రాలేదు. మా ఊరి పిల్లలంతా ఆయన చుట్టూనే నిలబడ్డారట. పోయేముందు వాడేమన్నా అన్నాడేమో, ఆయన వినే ఉంటారు కదా. అదొక్కటి అడిగి వెళ్లిపోతాం."

కేతన గురువు దగ్గరికి వచ్చాడు.

"రాజుగారు లేరని చెప్పి పంపించెయ్యండి స్వామీ."

"ఇవాళ లేడని నేను చెప్తాను," అన్నాడు మరుళయ్య. "ఆ రోజు లేడని ఎవరు చెప్తారు?"

కేతన వెళ్లి ఆ ముసలామె ముందు నేలమీద కూర్చున్నాడు.