తిమ్మక్క దాచుకున్న దెబ్బ

సముద్రం అడుగున, బండరాళ్లను ఆనుకుని ఉన్న ఇసుకలో ఒక తిమ్మిరిచేప కాపురముండేది. ఒంటినిండా ఇసుక కప్పుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి పడుకునేది. దాని తలకు రెండు పక్కలా తోలు కింద కరెంటు. తాకినవాడికి ఒళ్లు జివ్వుమని తోక దాకా తిమ్మిరెక్కేది. అందుకే ఇరుగుపొరుగు దాన్ని తిమ్మక్క అనేవారు. కాస్త ఎడంగా ఉండి మరీ పలకరించేవారు.

ఆ చుట్టుపక్కలకు దొర సొరచేప. కంటపడినదల్లా దాని నోట్లోకే. ఒక్క తిమ్మక్క జోలికి మాత్రం వచ్చేది కాదు. వెనక ఓసారి కరవబోయి, దవడ బిగుసుకుపోయి పారిపోయింది. ఆ సొర వదిలేసిన ఎంగిలి ముక్కలు ఏరుకుని బతికేది పీత.

తిమ్మక్కకు పిల్లలు పుట్టిన కొత్తలో పీత వచ్చి రాతి మీద కూర్చుంది.

"ఏం తిమ్మక్కా! నువ్వేమో అప్పడం, నీ పిల్లలేమో వడియాలు. దొరగారి విస్తట్లోకి బాగుంటారు" అంది.

తిమ్మక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎగిరి ఒక్కటిచ్చింది. పీత అప్పటికే రాతి సందులో దూరింది.

"తగల్లేదుగా!" అని మళ్లీ బయటికొచ్చింది. పిల్లల మీద ఇసుక తన్నింది.

"నా బిడ్డల మీదా? నీ డెక్కలు విరగ!" అని తిమ్మక్క మళ్లీ కొట్టింది. రాయికి తగిలింది. మళ్లీ కొట్టింది. నీళ్లకు తగిలింది. కొట్టీ కొట్టీ ఒంట్లో సత్తువంతా ఊడ్చుకుపోయింది.

అప్పుడు పీత గొంతెత్తి అరిచింది. "దొరా, ఇక రండి!"

సొర వచ్చింది. తిమ్మక్క ఉన్నదంతా కూడదీసుకుని కొట్టింది. చీమ కుట్టినట్టయింది సొరకు.

"ఇదేనా నీ ప్రతాపం?" అని నవ్వి, తల్లి కళ్లెదుటే ఒక పిల్లను మింగేసింది. మిగతా పిల్లలను తిమ్మక్క ఎలాగో రాతి కిందికి నెట్టుకుని ప్రాణాలు దక్కించుకుంది.

ఆ రాతి కిందే పడుండి రగిలిపోయింది. సొర మీద కోపం, పీత మీద కోపం, అన్నిటికంటే తన మీద తనకు కోపం. 'ఆ పీత తిట్టింది తిట్టడానికి కాదు, నా చేత కరెంటంతా ఖర్చు పెట్టించడానికి. నేను మూర్ఖురాలిలా రాళ్లనూ నీళ్లనూ కొట్టాను. నా బిడ్డను మింగింది సొరే, వడ్డించింది మాత్రం నా కోపం.'

ఊటలో నీరు ఊరినట్టు ఒంట్లోకి కరెంటు మెల్లగా చేరింది. తిమ్మక్క మళ్లీ ఇసుకలోకి వచ్చి పడుకుంది.

ఎంగిలి రుచి మరిగిన పీత ఊరుకుంటుందా? మళ్లీ వచ్చింది.

"పోయిన పిల్ల భలే మెత్తగా ఉందట తిమ్మక్కా! దొరగారు ఇంకా చెప్పుకుంటున్నారు."

తిమ్మక్క కళ్ల ముందు ఎర్రగా కమ్మింది. పళ్లు కొరుక్కుంది. దెబ్బ మాత్రం వదల్లేదు.

"రోషం చచ్చిందా?" అని పీత డెక్కతో దాని వీపు మీద పొడిచింది.

ఒక్కటిస్తే చచ్చేంత దగ్గరగా ఉంది పీత. అయినా తిమ్మక్క ఒళ్లు మాత్రం వణికించి, "అబ్బా, నా వల్ల కావట్లేదు, వదిలెయ్" అని మూలిగింది. లోపలున్నది చుక్క కూడా పోనివ్వలేదు.

"దొరా! ఖాళీ అయిపోయింది, వచ్చెయ్యండి!" అని పీత గంతులేసింది.

సొర నోరు తెరుచుకునే వచ్చింది. తిమ్మక్క పారిపోలేదు. ఎదురెళ్లి, రెండు రెక్కలతో సొర మూతిని ఒడిసి పట్టి, "ఇది నా బిడ్డకు!" అంటూ దాచిందంతా ఒక్కసారిగా దించేసింది.

సొర మెలితిరిగి వెల్లకిలా పడింది. కళ్లు తేలేసింది. చాలాసేపటికి తేరుకుని, వంకరపోయిన మూతితో పీత వైపు తిరిగింది.

"ఖాళీ అన్నావు కదరా!"

"దొరా, అది కాదు..." అంటూ పీత పక్కకు జరగబోయింది. ఈసారి రాతి సందు దూరమైంది. కరకరమని ఒక్క చప్పుడు. సొర ఒళ్లు ఈడ్చుకుంటూ లోతుల్లోకి పోయింది. మళ్లీ ఆ ఇసుక వైపు రాలేదు.

తిమ్మక్క రాతి కిందికి వెళ్లి మిగిలిన పిల్లలను రెక్కల కిందికి లాక్కుంది. కోపం ఇంకా చల్లారలేదు.

నీతి: ఎవడు రెచ్చగొడితే వాడి మీదల్లా చల్లుకున్న కోపం శత్రువుకు పండగ, సమయం దాకా దాచుకున్న కోపం వాడికి పిడుగు.