మసిమూతి రెండో కేక

ఏనుగురాళ్ళ అడవిలో దుప్పులు, వాటికన్నా పెద్దవైన కణుతి జింకలు, నెమళ్ళు, కుందేళ్ళు, కొండముచ్చులు కలిసిమెలిసి బతికేవి. అడవి నడుమ ఒక మడుగు ఉండేది. మడుగు ఒడ్డున పెద్ద నల్లమద్ది చెట్టు ఉండేది. దాని చిటారుకొమ్మను అందరూ కాపలాకొమ్మ అనేవారు. పొద్దున పూట మసిమూతి, మధ్యాహ్నం నుంచి బారుతోక దాని మీద కూర్చునేవి. రెండూ కొండముచ్చులే.

కాపలా అంటే కొమ్మ మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చోవడం అనుకునేరు. పులి జాడ కనపడగానే "ఖర్ర్" అని అడవి అదిరేలా కేక పెట్టాలి. ఆ కేక వినగానే దుప్పులన్నీ ఒకచోట చేరి, కదలకుండా నిలబడి, పులి వైపే గుచ్చిగుచ్చి చూసేవి. పులిది దొంగచాటు వేట. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయని తెలిస్తే ఇంకేం వేటాడుతుంది? తోక ముడిచి వెళ్ళిపోయేది.

ఆ మేలుకు బదులుగా ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. రాలిన ఇప్పపూలను కాపలాదార్లు కడుపునిండా తిన్నాకే మిగతావాళ్ళు ముట్టుకునేవారు. ఆ మర్యాద అంటే మసిమూతికి ప్రాణం. ఆ కొమ్మ మీదే దానికి జుట్టు నెరిసింది.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. పులులు కొండ దాటి వెళ్ళిపోయాయి. పీడ విరగడైందని అందరూ సంబరపడ్డారు. ఆ సంబరం నెల కూడా నిలవలేదు. కొండ అవతలి నుంచి రేచుకుక్కలు దిగాయి. ఎర్రటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, ఎప్పుడు చూసినా పదీ పన్నెండు కలిసే తిరుగుతాయి. ఒకదాన్నొకటి ఈల వేసి పిలుచుకుంటాయి.

మొదటిసారి అవి వచ్చినప్పుడు కొమ్మ మీద ఉన్నది మసిమూతే. గడ్డిలో ఒక ఎర్రకుక్క కనపడింది. అలవాటు కొద్దీ "ఖర్ర్" అంది. దుప్పులు అలవాటు కొద్దీ గుంపుగా నిలబడి ఆ కుక్క వైపే చూశాయి. ఆ కుక్క సిగ్గుపడలేదు, బెదరలేదు. చూస్తే చూడండి అన్నట్టు ఎదురుగా నిలబడింది. ఈలోగా మిగతా కుక్కలు వెనక నుంచి చుట్టుముట్టాయి. ఆ రోజు రెండు దుప్పులు పోయాయి. అందులో ఒకటి చుక్కమ్మ. రోజూ మంచి పూలు ఏరి, చెట్టు మొదట్లో మసిమూతి కోసం కుప్ప పోసే చుక్కమ్మ.

మసిమూతికి ఆ పూట మేత సహించలేదు. తన కేకే చుక్కమ్మను చంపిందని దానికి తెలుసు.

మర్నాడు కణితి పెద్దమ్మ అందరినీ పిలిచింది. ఆ అడవిలో ఆవిడ మాటకు తిరుగులేదు. మెల్లగానే మాట్లాడింది గానీ మాట మాత్రం సూటిగా ఉంది.

"పరుగెత్తాల్సిన వాళ్ళం మీ కేక విని ఆగిపోయాం. ఇప్పపూలు రాలడం అయ్యేలోగా దారి చూడండి. లేదంటే కొమ్మ దిగండి. మా చెవులతో మేమే కాపలా కాసుకుంటాం."

బారుతోకకు రోషం ముంచుకొచ్చింది. అది తాతల నాటి కేక అంది. తప్పు కేకది కాదట, సరిగా నిలబడని దుప్పులదట. ఇకనుంచి ఇంకా గట్టిగా అరుస్తానని చెప్పి, మూడు మూరల తోక ఊపుకుంటూ కొమ్మెక్కేసింది.

మసిమూతి మాత్రం ఆలోచనలో పడింది. పై నుంచి చూస్తే దూరం కనపడుతుంది, గడ్డి అడుగున పాకేది కనపడదు. మరి గడ్డి సంగతి ఎవరికి తెలుసు? తీతువు పిట్టకు తెలుసు. అది ఉత్త నేల మీద గుడ్లు పెట్టి, ఎన్ని కుక్కలు తిరిగినా కాపాడుకుంటుంది.

కొండముచ్చుకు నేల మీద కూర్చోవడం నామోషీ. పైగా భయం. అయినా మసిమూతి చెట్టు దిగి తీతువు దగ్గరకు వెళ్ళింది.

"ఏం తాతా, కొమ్మ విరిగిందా?" అని తీతువు ఆటపట్టించింది.

"ఇంకా లేదమ్మా. విరిగేలోగా నీ దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకుందామని వచ్చాను."

తీతువు తల ఎగరేసింది. "సరే. మొదటి మూడు రోజులు మాత్రం నోరు విప్పకూడదు. చెవులతోనే పని."

నోటితో బతికినవాడికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? మసిమూతి నోరు కట్టుకుని కూర్చుంది. మొదట్లో పికిలిపిట్ట ఈలను కుక్క ఈల అనుకుని ఉలిక్కిపడేది. గాలికి గడ్డి ఊగితే చెట్టెక్కేసేది. కుర్ర కొండముచ్చులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవి. మసిమూతి దిగొచ్చి మళ్ళీ కూర్చునేది. పదిహేను రోజులకు తెలిసివచ్చింది. ఒక ఈలకు ఇంకో దిక్కు నుంచి జవాబు వస్తే చుట్టుముడుతున్నారని అర్థం. గాలికి ఎదురుగా గడ్డి కదిలితే అందులో కుక్క ఉన్నట్టే.

అప్పుడు దానికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. చుక్కమ్మ పోయిన రోజు కణితి పెద్దమ్మ మడుగులో మెడ లోతున ఉంది. ఒక్క కుక్కా ఆవిడ జోలికి పోలేదు. పొట్టి కాళ్ళు నీళ్ళలో ఏం చేస్తాయి?

మసిమూతి కొత్త కేక కట్టింది. "హుప్ హుప్" అంటే నిలబడొద్దు, మడుగులోకి దూకండి అని. రోజూ పొద్దున్నే దుప్పులతో అదే పని చేయించింది. కూనల్ని మధ్యలో పెట్టుకుని దిగడం నేర్పింది. బారుతోక పై నుంచి చూసి, ముసలాడికి మతి పోయిందని నవ్వేది.

ఇప్పపూలు చివరికొచ్చాయి. ఒక మధ్యాహ్నం బారుతోక కాపలాలో ఉండగా రేచుకుక్కలు వచ్చాయి. బారుతోక ఎన్నడూ లేనంత గట్టిగా "ఖర్ర్" అంది. దుప్పులు పాత అలవాటుతో గుమిగూడబోయాయి. కింది కొమ్మ మీద ఉన్న మసిమూతి చెవులు రిక్కించింది. వెనక నుంచి ఒక ఈల. ఎడమ నుంచి జవాబు.

"హుప్ హుప్!"

కణితి పెద్దమ్మ ముందు దూకింది. ఆవిడ వెంట మందంతా బిలబిలమంటూ మడుగులో పడింది.

బారుతోకకు ఒళ్ళు మండిపోయింది. "నిలబడండి, పారిపోతారేం" అని అరుస్తూ అన్నిటికన్నా కింది కొమ్మ దాకా దిగింది. దుప్పుల మీది కోపంలో తన తోక కిందికి వేలాడుతున్న సంగతి మరిచిపోయింది. ఒక కుక్క ఎగిరి పట్టుకుంది. బారుతోక ప్రాణాలతో పైకెక్కింది గానీ సగం తోక కిందే ఉండిపోయింది.

కుక్కలు సాయంత్రం దాకా ఒడ్డున ఈలలు వేసుకుంటూ తిరిగి, ఆకలితో వెళ్ళిపోయాయి. ఒక్క కూన కూడా పోలేదు.

మర్నాడు చెట్టు మొదట్లో ఇప్పపూల కుప్ప ఉంది. చుక్కమ్మ కూతురు పోసింది. మసిమూతి కళ్ళు చెమర్చాయి. అందులో సగం తీతువుకు పంపింది.

కొన్నాళ్ళకు బారుతోక తల దించుకుని వచ్చింది. "అన్నా, రేపు పులులు మళ్ళీ వస్తే నీ కొత్త కేక ఏం పనికొస్తుంది?" అని అడిగింది.

"పాతది ఎక్కడికీ పోలేదురా తమ్ముడూ. ఇప్పుడు నా దగ్గర రెండున్నాయి" అంది మసిమూతి. "నడు, తీతువు దగ్గరకు వెళ్దాం. ముందు మూడు రోజులు నోరు మూసుకోవాలి మరి."

నీతి: ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా, కాలం మారినప్పుడు చిన్నవారి దగ్గరైనా కొత్త పని నేర్చుకున్నవారికే కొలువు నిలుస్తుంది.