అయిదు రాజ్యాల ఈత పందెం

ముప్పై ఏళ్ల కిందట అయిదు రాజ్యాల ఈత పందెంలో గెలిచింది తానేనని దళపతి వీరభల్లుడు నిండు సభలో మీసం మెలేశాడు. మురిసిపోయిన రాజు అతనికి పడవల రేవు రాసివ్వబోయాడు. ఆ రేవే బతుకుదెరువైన పడవవాడు పోలయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"నిజమే ప్రభూ! ఆనాడు గెలిచినవాడే పొరుగురాజు ముత్యాలహారం కాజేసి పారిపోయాడట. ఆ రాజు భటులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు."

దళపతికి ముచ్చెమటలు పట్టాయి. "నేను కాదు మహారాజా! అప్పుడు జ్వరమొచ్చి ఇంట్లోనే పడున్నాను. పందెం జరిగిన ఏరు మొహమే చూడలేదు!"

సభంతా గొల్లున నవ్వింది. రాజు దానపత్రం చించేసి, "ఏరా పోలయ్యా, ఇంతకీ ఆ హారం దొరికిందా?" అన్నాడు.

"పోతేగా ప్రభూ, దొరకడానికి!" అన్నాడు పోలయ్య.