బంక కలపని బొమ్మ

అనగనగా ఒక అడవిలో, ఎండలు ముదిరేసరికి వాగులన్నీ ఇసుక మేటలైపోయేవి. అప్పుడు జంతువులన్నీ కొండ అవతల ఉన్న పెద్దమడుగుకు వలస పోయేవి. కాళ్ళలో సత్తువ ఉన్నవి ముందు నడిచేవి. ముసలివి, పసిపిల్లల తల్లులు వెనక మెల్లగా బయలుదేరేవి.

మరి ఏడాదికోసారి నడిచే దారి వెనక వచ్చేవాటికి ఎలా గుర్తుంటుంది? అందుకు ఆ అడవిలో ఒక పద్ధతి ఉండేది. దారి రెండుగా చీలే చోట ఒక నున్నటి బండ ఉంది. అక్కడ ఎడమ దారి వెడల్పుగా, నీడగా, రమ్మని పిలుస్తున్నట్టు ఉంటుంది. కానీ పోయి పోయి ఎండిన లోయలో తేలుతుంది. కుడి దారి సన్నగా, ముళ్ళపొదల మధ్య ఉంటుంది. మడుగుకు పోయేది అదే. అందుకని ప్రతి ఏడూ ఆ బండ మీద ఎర్రటి జేగురు రాయి అరగదీసిన రంగుతో బొమ్మ గీసేవారు. ఒక కొండ, కొండకు కుడిపక్కగా తిరిగే గిట్టల గుర్తులు, చివర నీళ్ళు. అంతే బొమ్మ. రంగులో చెట్టుబంక కలిపితే అది బండను కరుచుకునేది. వానాకాలమంతా కురిస్తే గానీ పోయేది కాదు.

ఆ పని ఉడుము అవ్వది. గీసి గీసి అవ్వ వేళ్ళు బిగుసుకుపోయాయి. అందుకని ఈనె అనే ముళ్ళపంది పిల్లకు, ఇళ్ళ దగ్గరి మరో బండ మీద, పని నేర్పింది. ఈనెకు తన ఒంటి ముల్లే కలం.

ఈనె చెయ్యి మంచిదే. బుద్ధే దాన్ని పీడించేది. గీత కాస్త వంకర పోతే చెరిపేది. వంకర పోకపోతే, పోయిందేమోనన్న అనుమానంతో చెరిపేది. పొద్దున గీసింది మధ్యాహ్నానికి ఉండేది కాదు. ఒక్క గిట్ట గుర్తు కోసం మూడు రోజులు తిండి మానేసింది. వేళ్ళు పగిలాయి. కలం కోసం ముళ్ళు పీక్కున్న చోటల్లా వీపు మీద బోడి మచ్చలు పడ్డాయి. అలసిపోయి కళ్ళు మూసుకున్నా రెప్పల కింద ఆ గీతే కదిలేది.

పక్క గుహలో ఉండే ఒంటికన్ను ముసలి ఎలుగు మామ దాన్ని ఆటపట్టించేవాడు.

"ఏం పిల్లా, ఇంకా ఆ రాయిని తోముతూనే ఉన్నావా? అది బండా, నీ పెళ్ళిపీటా?"

"పో మామా! ఒంటికన్నుతో నీకేం కనిపిస్తుంది?"

"కనబడకే అడుగుతున్నా. నువ్వు గీసింది ఇంతవరకూ ఒక్కటైనా కళ్ళబడలేదు నాకు!"

పొదలో పసిపిల్లకు పాలిస్తున్న జింక, చుక్కి, పకపకా నవ్వేది. ఈనె మాత్రం నవ్వేది కాదు. దానికి నవ్వే ఓపిక కూడా మిగల్లేదు.

"ఎందుకే నిన్ను నువ్వే అలా కొరుక్కు తింటావు?" అంది ఉడుము అవ్వ ఒకరోజు.

"అవ్వా, నువ్వు గీస్తే గిట్టలు పరుగెత్తుతున్నట్టుంటాయి. నేను గీస్తే కుంటుతున్నట్టుంటాయి."

"కుంటితే కుంటనీ. కుంటేవాళ్ళకు దాహం వెయ్యదా?"

ఈనె గీత కేసి చూసింది. మళ్ళీ చెరిపింది.

ఆ ఏడు వలస మొదలైంది. అవ్వ బలమైనవాటితో ముందే పోవాలి. ముందున్న మలుపులన్నీ తెలిసింది అదొక్కతే. బండ దగ్గర ఆగి, ఈనె చేతిలో జేగురు రాయి, బంక ముద్ద, సొరబుర్రెడు నీళ్ళు పెట్టింది.

"విను. మూడుసార్లు దిద్దుకో. మూడోసారి ఎలా వచ్చినా సరే, బంక కలిపి గీసేసి నా వెనకే వచ్చెయ్. ఈ నీళ్ళు తాగడానికి. బండ కడగడానికి కాదు."

"సరే అవ్వా."

"సరే అనడం కాదు. చెయ్యి."

మందంతా వెళ్ళిపోయింది. ఈనె ముల్లు పీకి పని మొదలుపెట్టింది.

మొదటిసారి కొండ పక్కకు ఒరిగింది. చెరిపింది. రెండోసారి గిట్టల మధ్య ఎడం కుదరలేదు. చెరిపింది. మూడోసారి బాగా వచ్చింది. నిజంగానే బాగా వచ్చింది. చివరి గిట్ట ఒక్కటి మిగతావాటికన్నా గోరంత పెద్దదైంది, అంతే.

ఈనె బంక ముద్ద చేతిలోకి తీసుకుంది.  'బంక కలిపితే ఇంక అయిపోయినట్టే. తర్వాత తప్పు కనబడితే? వచ్చేపోయేవాళ్ళంతా దాన్నే చూస్తారు' అనుకుంది. ముద్దను పక్కన పెట్టేసింది. బొమ్మను కడిగేసింది.

నాలుగోసారి. ఏడోసారి. పదోసారి. పిల్లలూ, నాలుగు రోజులు గడిచాయి! తాగమని ఇచ్చిన నీళ్ళు దాదాపు అన్నీ బండే తాగింది. ఈనె నాలుక అట్టలా ఎండిపోయింది.

అయిదో రోజున బొమ్మ మళ్ళీ బాగా కుదిరింది. కొండ కొండలా ఉంది. గిట్టలు కుడివైపుకు చక్కగా తిరిగాయి. కానీ ఎరుపు కాస్త వెలిసినట్టు తోచింది. 'ఇంకాస్త ఎర్రటి రాయి దొరికితేనా!' అనుకుంది. బంక కలపకుండానే బొమ్మను అలా వదిలి, కొండ మీదికి రాయి వెతకడానికి పోయింది.

అది అటు పోగానే మబ్బు పట్టింది. ఎండాకాలపు వాన. ఇలా వచ్చి అలా పోయింది. గుక్కెడు తాగడానికి చాల్లేదు. బండ కడగడానికి మాత్రం సరిపోయింది.

ఈనె ఎర్రరాయితో దిగి వచ్చేసరికి బండ బోడిగా ఉంది. కింద మట్టిలో ఎర్రటి చారలు. ముందు పోయిన మంద అడుగులు కూడా వానకు చెరిగిపోయాయి. తడినేల మీద కొత్త అడుగులు ఉన్నాయి. కొన్ని ఎలుగుబంటివి. కొన్ని జింకవి. జింక పక్కన, చింతగింజలంత చిన్న గిట్టలు.

మూడూ ఎడమ దారి పట్టాయి.

చేతిలో రాయి జారిపోయింది. ఈనె పరుగెత్తింది. ముళ్ళపంది పరుగు ఎంత? పడుతూ లేస్తూ పోయింది. ఎండ నడినెత్తి మీదికి వచ్చేసరికి చుక్కి ఎదురైంది. నోట నురగ. వెనక పసిది తూలుతూ వస్తోంది.

"చుక్కక్కా! ఎలుగు మామ ఏడీ?"

చుక్కి ముందు ఊపిరి పీల్చుకుంది. "బండ మీద ఏమీ లేదే, ఈనే. ఈ దారి వెడల్పుగా ఉంది గదా అని వచ్చాం. లోయలో బొట్టు నీళ్ళు లేవు. మామ అన్నాడు గదా, 'నువ్వు పిల్లను తీసుకుని వెనక్కి పో. నేను ఆ చివరిదాకా పోయి చూసొస్తా. ఉంటే కేకేస్తా' అని."

"కేక వినిపించిందా?"

"లేదు."

"నేను పోయి తీసుకొస్తా!"

చుక్కి దారికి అడ్డం నిలబడింది. "ఎక్కడికి పోతావు? నడవలేక నీకే కాళ్ళు వణుకుతున్నాయి. మా వెనక అడవిపంది అక్క వస్తోంది, ఆరుగురు పిల్లలతో. రేపో మాపో బండ దగ్గరికి చేరుతుంది. ముందు దాని మీద ఏదో ఒకటి గీయవే తల్లీ! నీకు దణ్ణం పెడతా. ఏదో ఒకటి!"

ముగ్గురూ బండ దగ్గరికి తిరిగొచ్చారు. సొరబుర్రలో అడుగున దోసెడు నీళ్ళు మిగిలాయి. ఈనె పసిదాన్ని చూసింది. సగం దాని నోట్లో పోసింది. మిగతా సగంలో జేగురు అరగదీసి, బంక కలిపింది. కడగడానికి ఇక చుక్క లేదు. ఒక్కటే బొమ్మ.

ముల్లు పీకి గీయడం మొదలుపెట్టింది. కొండ బోర్లించిన మూకుడులా వచ్చింది. గిట్టలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నీళ్ళ గీత ముల్లు జారి ఎటో పోయింది.  కానీ గుర్తులు కుడివైపుకే తిరిగాయి. ఎండకు బంక చిటపటమని ఎండింది. బొమ్మ బండను కరుచుకుంది.

ఆ పూటంతా ఈనె ఎడమ దారి మొదట్లో నిలబడి, "మామా! ఓ ఎలుగు మామా!" అని పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. లోయ తన గొంతే తిరిగి ఇచ్చింది. పసిది పడిపోయేలా ఉంటే, చుక్కి వెంట మడుగుకు నడిచింది.

వాళ్ళు చేరిన మూడో రోజు అడవిపంది అక్క ఆరుగురు పిల్లలతో మడుగు చేరింది. "ఎవరే ఆ బొమ్మ గీసింది? కొండను చూసి మా పిల్లలు అట్లు పోసే మూకుడనుకున్నారు!" అంటూ నీళ్ళలోకి దిగింది. "అయితేనేం, ఎటు తిరగాలో తెలిసింది. బతికాం."

ఈనె ఒడ్డున కూర్చుని ఆరు మూతుల్నీ చూసింది. నీళ్ళలో గుడగుడమంటున్న ఆరు మూతులు. రావలసిన ఇంకో మూతి కోసం దారివైపు చూస్తూనే ఉంది.

ఎలుగు మామ రాలేదు. ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కథ కదా అని నేను అబద్ధం చెప్పి రప్పించలేను.

ఈనె అంతా అవ్వకు చెప్పేసింది. "బొమ్మ బాగానే వచ్చింది అవ్వా. రెండుసార్లు వచ్చింది. నేనే బంక కలపలేదు" అని ఏడ్చింది.

అవ్వ తిట్టలేదు. బుజ్జగించనూ లేదు. 

"ఏడుపు వస్తే ఏడువు," అంది. "కానీ వెనక ఇంకా కుందేళ్ళు రావాలి."

ఈనె లేచింది. ఒళ్ళంతా పుండులా ఉంది. అయినా జేగురు, బంక మూటగట్టుకుని వెనక్కి నడిచింది. ఎడమ దారి మొదట్లో, అందరికీ కనబడేలా ఒక రాయిని దొర్లించి నిలబెట్టింది. దాని మీద అడ్డంగా ఒక గీత గీసింది, ఇటు పోవద్దని.

గీత వంకరగా వచ్చింది. ఈనె దాన్ని ఒక్కసారి చూసింది. బంక ఆరేదాకా ఆగి, తిరిగి చూడకుండా నడిచిపోయింది.

నీతి: వంక లేని పని కోసం ఆగి ఆగి అసలు పనే ఇవ్వకపోవడం కన్నా, వంకరగానైనా వేళకు అందించిన పనే నలుగురి ప్రాణం నిలబెడుతుంది.