వేడివేడి విన్నపం

చింతలకోట రాజు రంగభూపాలుడికి ఒకరోజు భోజనం దగ్గర ఒళ్ళు మండిపోయింది. కంచంలో అన్నం మాత్రం చల్లగా ఉంది.

"ఛీ, ఇదేం తిండి! మా ఏనుగులు నయం, పచ్చగడ్డి తింటున్నాయి" అని కంచం తోసేశాడు. వంటశాల అధికారి ఆ సాయంత్రమే మూటాముల్లె సర్దుకుని ఉడాయించాడు. అలా ఉడాయించిన అధికారుల్లో అతను మొదటివాడేం కాదు.

మర్నాడు సభలో రాజు కొత్త పంతం పట్టాడు.

"వంటశాల కొలువు కావలసినవాళ్ళు విన్నపాలు రాసుకుని రేపు మధ్యాహ్నం సభకు రండి. ఎవరి విన్నపం వింటే మాకు ఆకలేస్తుందో వాళ్ళకే కొలువు!"

ఆ మాటకు విదూషకుడు సంజీవి చెవులు నిక్కబొడుచుకున్నాయి. పాపం, వాడి బతుకు గాలిలో దీపంలా ఉంది. చద్ది తిండి తినీ తినీ రాజు నవ్వడమే మానేశాడు. "దసరాలోగా మమ్మల్ని నవ్వించావా సరే, లేదా దేశం విడిచి పో" అని ఆజ్ఞ కూడా అయింది. ఇంట్లో పెళ్ళాం అప్పుడే చెంబులూ తప్పేలాలూ మూట కడుతోంది. "నా హాస్యానికేం రోగం లేదే! రోగమంతా ఆయనగారి కడుపులో ఉంది" అని మొత్తుకుంటే ఆవిడ వింటేనా!

అన్నం ఎందుకు చల్లారుతోందో సంజీవికి తెలుసు. ఆ మాటకొస్తే కోటలో అందరికీ తెలుసు. చింతలకోటలో రాజుగారి బిరుదులు ఎక్కడ వినబడితే అక్కడ, ఎవరైనా సరే, బిగదీసుకు నిలబడిపోవాలి. వంటశాల నుంచి కంచం దాటే ప్రతి గుమ్మం దగ్గరా ఒక భటుడు బిరుదులన్నీ చదువుతాడు. అవి పూర్తయ్యేదాకా వడ్డనవాళ్ళు కదలకూడదు. ఆస్థాన లేఖకుడు అనంతావధాన్లు పండగపండక్కీ నాలుగు కొత్త బిరుదులు అతికిస్తాడు. రాజేమో మురిసిపోయి వింటాడు. ఇక తప్పు బిరుదులదని చెప్పే మొనగాడెవడు? అందరూ వంటవాళ్ళనే తిట్టేవారు.

అవధాన్లు ఆ కొలువు తన బావమరిది పేరిశాస్త్రికి ఎప్పుడో ఖాయం చేసేశాడు. సంజీవి కనబడితే మీసం దువ్వాడు.

"నువ్వూ రాస్తున్నావటగా? ముందు బిరుదులు, తరవాత వంశం, ఆపైన వినయం. అదిరా విన్నపమంటే! పోనీలే, మావాడు రాగానే నీకు విస్తళ్ళెత్తే పని ఇప్పిస్తా."

"తమ దయ" అని సంజీవి తిన్నగా వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

మర్నాడు సభలో పేరిశాస్త్రి విన్నపం అవధాన్లే చదివాడు. బిరుదులయ్యాయి. రాజుగారి వంశం అయింది. పేరిశాస్త్రి వంశం మొదలైంది. సభంతా నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోతున్నాయి. చివరికి పేరిశాస్త్రి తానొక గడ్డిపోచననీ, ధూళికణాన్ననీ విన్నవించుకున్నాడు. వంట వచ్చో రాదో మాత్రం ఎక్కడా లేదు.

"ఆకలి లేదు గానీ నిద్రొస్తోంది" అని ఆవులించాడు రాజు. "ఇంకెవరు?"

సంజీవి లేచి కాగితం విప్పాడు.

"ప్రభూ! తమరు వేడన్నం తిని ఎన్నాళ్ళయిందో తమకే గుర్తుండి ఉండదు. నేను తినిపిస్తాను. పొయ్యి ఈ గోడవతలకి మార్పించాను. రుజువు వస్తోంది."

అంతే విన్నపం. ఎక్కణ్ణుంచో కమ్మటి ఇంగువ పోపు వాసన గుప్పుమంది. భటుడు లేని పక్క గుమ్మంలోంచి కంచం వచ్చింది. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, కరుగుతున్న నెయ్యి. రాజు గుటకలు మింగుతూ సింహాసనం అంచుకి జరిగాడు.

అవధాన్లు గుండెలు బాదుకున్నాడు. "అపచారం! బిరుదులు లేని విన్నపమా! రాజావమానం!" అని, కంచం ముందుకు రాకుండా తానే గొంతెత్తాడు. "రాజాధిరాజ, రాజపరమేశ్వర..."

వడ్డనవాళ్ళు ఠక్కున ఆగిపోయారు. నెయ్యి పేరుకోవడం మొదలైంది. రాజు మొహం చిట్లించాడు. ఆకలి నిజమే, కానీ బిరుదులు మరి తనవాయె!

"నిజమేనా సంజీవీ? మా బిరుదులు వదిలేశావా?"

"అయ్యో, ఒక్కటీ వదల్లేదు ప్రభూ! కాగితం అవతలివైపు అన్నీ రాశాను. తమ భోజనం కాగానే చదువుతాను. అవధాన్లుగారూ, అంతలో ప్రభువుల కీర్తి చెడిపోతుందని తమకేమైనా భయమా? అయితే చెప్పండి, ఇప్పుడే చదువుతా!"

అవధాన్లు నోరు తెరిచాడు. చెడిపోతుందంటే తల పోతుంది. చెడిపోదంటే బావమరిది కొలువు పోతుంది. సభంతా అతని నోటివంకే చూస్తోంది.

"ఎ... ఎందుకు చెడుతుంది? ప్రభువుల కీర్తి శాశ్వతం..." అన్నాడు నీళ్ళు నములుతూ.

సంజీవి రాజుకు నమస్కరించాడు.

"విన్నారుగా ప్రభూ! కీర్తి సాయంత్రం దాకా ఆగుతుంది. అన్నం ఆగదు."

రాజు పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. ఎన్నాళ్ళకో వినబడిన ఆ నవ్వుకి సభంతా గొల్లుమంది. నవ్వుతూనే రాజు కంచం ముందుకు లాక్కుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వంటశాల నీదే సంజీవీ! ఇంటికి కబురు పెట్టు, మూటలు విప్పమని" అని మెళ్ళో హారం తీసి వాడి మీదికి విసిరాడు. అవధాన్ల వైపు తిరిగాడు. "మీరేం దిగులు పడకండి. ఇవాళ్టి నుంచి మా బిరుదులన్నీ మీరే చదవాలి."

అవధాన్ల మొహం వెలిగిపోయింది. "ఎప్పుడు ప్రభూ?"

"భోజనం అయ్యాక. మాకు కునుకు పట్టేదాకా!"